తొలకరి రాకముందే లెక్క మొదలుపెట్టండి

తొలకరికి ఇంకా కొద్ది రోజులే ఉంది. ఆ వాన పడ్డ రాత్రి నుంచి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పాముకాటు కాలం మొదలవుతుంది. సెప్టెంబరు దాకా వదలదు. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పాలి. మీ ఊళ్లో ఏ పాములున్నాయో రాసి పెట్టుకోండి. ఏ కప్పలు అరుస్తున్నాయో, ఏవి అరవడం మానేశాయో రాసి పెట్టుకోండి. ఎక్కడ, ఎప్పుడు అన్నది కూడా రాయండి. మన ఊళ్లలో చాలాచోట్ల ఈ వివరం పెద్దల నోట్లో ఉందే తప్ప కాగితం మీద లేదు. అది లేకనే మనుషులు పోతున్నారు, ఆ జీవాలూ పోతున్నాయి. రెండూ ఆపగలిగిన నష్టాలే.

పులిని నాలుగేళ్లకోసారి లెక్కిస్తాం. కవ్వాల్ అడవిలో చెట్లకు కెమెరాలు కడతాం, అడుగుజాడలు వెతుకుతాం, మలం ఏరి పరీక్షకు పంపుతాం. చేయాల్సిన పనే, కాదనను. కానీ అదే జన్నారం, అదే ఉట్నూరు, అదే ఖానాపూర్‌లో చీకట్లో నేల మీద పాకేవాటి సంగతి అడగండి. పరిశోధకులు అప్పుడప్పుడూ వచ్చి చూసి రాసిన పత్రాలు కొన్ని దొరుకుతాయి. ఏటేటా, ఊరూరా, ఒకే తీరుగా పెట్టిన లెక్క మాత్రం దొరకదు. పులి ఎదురుపడే మనిషి వెయ్యిలో ఒకరు కూడా ఉండరు. పాము ఎదురుపడని రైతు ఉన్నాడా?

2024 వానకాలాన్ని గుర్తు చేసుకోండి. జగిత్యాల జిల్లా మెట్‌పల్లి మండలం పెద్దాపూర్ గురుకులంలో జులై నెలాఖరున ఒక విద్యార్థి, ఆగస్టులో మరో విద్యార్థి చనిపోయారు. పాము కరిచిందేమోనన్న అనుమానంతో రాష్ట్రమంతా కలవరపడింది. ఎవరినో తప్పుపట్టడానికి ఆ పిల్లలను తలచుకోవడం లేదు. ఉత్తర తెలంగాణలో అలాంటి హాస్టళ్లు ఎన్నో ఉన్నాయి. చుట్టూ పొలాలు, వెనక పొదలు, వంటగది పక్కన ఎలుకల బొరియలు. వాటి ప్రహరీ లోపలా బయటా ఏ పాములు తిరుగుతాయో ముందే తెలిసి ఉంటే వార్డెన్ ఏం చూడాలో, డాక్టరు ఏం అడగాలో ముందే తెలుస్తుంది. నా ఆవేదనంతా దాని గురించే.

కట్లపాము సంగతే తీసుకోండి. పగలు ఎక్కడో దాక్కుంటుంది. రాత్రి ఇంట్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కకే చేరుతుంది. పళ్లు సన్నం. కరిచినా చాలాసార్లు నొప్పి తెలియదు, వాపు రాదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. అర్ధరాత్రి దాటాక కడుపునొప్పి అంటారు, వాంతి చేసుకుంటారు. రాత్రి తిన్నది పడలేదులే అని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు తాగిస్తారు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, ఊపిరి అందదు. నేల మీద పడుకున్న మనిషికి వానకాలం రాత్రి కారణం లేని కడుపునొప్పి వస్తే ముందు పామునే అనుమానించండి. రెప్పలు బరువెక్కితే ఇక ఆలోచించకండి, 108కి ఫోన్ చేయండి.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యే. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, అంటే మనమూ ఉన్నాం. కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి, 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామంది. అదే ఏడాది నవంబరులో, ప్రతి పాముకాటు కేసునూ తప్పనిసరిగా నమోదు చేసే ఏర్పాటు చేయమని రాష్ట్రాలకు రాసింది. సంతోషమే. అయితే మనిషి పేరు రాస్తే సగం పనే అయినట్టు. కరిచిన పాము పేరు ఎవరు రాస్తారు?

అది ఎందుకంత ముఖ్యమో చెబుతాను, ఓపిక పట్టండి. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు నాలుగు పాములకే పనిచేస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఆ మందు తయారీకి వాడే విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుల తెగవాళ్ల సహకార సంఘం పట్టే పాముల నుంచే వస్తుంది. పేరుకు అదే పాము అయినా చోటు మారితే విషం తీరు మారుతుందని బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు పరీక్షించి మరీ చెప్పారు. చెన్నై చుట్టుపక్కల పాము విషంతో చేసిన మందు మన బెజ్జూరు అడవి పాముకు ఎంత బాగా పనిచేస్తుంది? ఈ ప్రశ్న అడగాలన్నా బెజ్జూరులో ఏ పాములు ఎక్కువో ముందు చెప్పగలగాలి కదా. మధ్య భారతంలో పసుపు నలుపు పట్టీల కట్లపాము ఒకటుంది. అది ఈ నాలుగింటిలో లేదు. ప్రాణహిత ఒడ్డున అలాంటిది కనిపించిందని ఎవరైనా చెబితే కొట్టిపారేయకండి. దూరం నుంచి ఫొటో తీసి, తేదీ వేసి అటవీ శాఖకు ఇవ్వండి.

ఇంకో చిక్కుంది. మనం పాములను గుర్తుపట్టడంలో చేసే పొరపాట్లు ప్రాణాల మీదికి తెస్తున్నాయి. ఒంటి మీద తెల్ల గీతలున్నాయని విషం లేని పామును కట్లపామనుకుని కొట్టి చంపుతాం. దానివల్ల పాముకే నష్టం. రక్తపింజరను చూసి కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తితే మనిషికే నష్టం. రక్తపింజర ఒంటి మీద గొలుసులా వరుసగా గుండ్రటి మచ్చలుంటాయి. బుస కొడితే కుక్కర్ కూతలా వినిపిస్తుంది. కొండచిలువ మచ్చలకు వరస ఉండదు, అంచులు వంకరటింకరగా ఉంటాయి. ఈ తేడా పదో తరగతి పిల్లలకు బొమ్మ చూపించి చెబితే పది నిమిషాల పని.

ఇక కప్పల మాట. వానలు పడకపోతే కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించిన నేల మనది. కప్పతల్లి ఆట ఆడిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. ఆట పోయిందంటే పోయింది, కప్ప కూడా పోతోందా? మీ ఊరి కుంట దగ్గర తొలి వాన రాత్రి బోదురుకప్పలు పసుపు రంగు తిరిగి, గొంతు కింద నీలి బుడగలు ఉబ్బించి అరిచేవి. ఆ అరుపు కిందటేడు విన్నారా? అంతకు ముందేడు? చాలామంది కాసేపు తల గోక్కుంటారు. తగ్గాయనే అనిపిస్తుంది, ఎప్పటి నుంచి అంటే చెప్పలేరు. ఎంత తగ్గాయో చెప్పాలంటే పాత లెక్క ఉండాలి.

పాత లెక్క ఉంటే ఏమవుతుందో రాబందుల విషయంలో తెలిసింది. 1980ల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర రాబందులను లెక్కించి రాసిపెట్టుకున్నారు. అందుకే 1990ల చివర్లో మళ్లీ లెక్కించినప్పుడు కూలిపోయిన సంఖ్య కళ్లకు కట్టింది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది, 2006లో ఆ వాడకం ఆపారు. పాత లెక్క ఉండబట్టే అంతైనా జరిగింది. మన బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్లను 2013లో గుర్తించి కాపలా పెట్టుకున్నాం కదా. కప్పకు మాత్రం ఎవరి కాపలా ఉంది?

ప్రపంచం మొత్తం మీద ఉభయచరాల్లో 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయని 2023లో శాస్త్రవేత్తలు తేల్చారు. సరీసృపాల్లో 21 శాతం అని అంతకు ముందేడే చెప్పారు. మధ్య అమెరికాలోని కోస్టారికా, పనామాల్లో ఒక శిలీంధ్రం సోకి కప్పలు కుప్పకూలిన తర్వాత, అదే వరసలో మలేరియా కేసులు పెరిగాయని 2022లో ఒక పరిశోధన చూపించింది. ప్రతి వానకాలం జ్వరాలతో మంచం పట్టే ఉట్నూరు, నార్నూరు, సిర్పూర్ ఏజెన్సీ గూడేల సంగతి తెలిసినవాళ్లు ఈ వార్తను తేలిగ్గా తీసుకోలేరు. కప్పల వల్ల పంటకెంత మేలో ప్రభుత్వానికి ఎప్పుడో తెలుసు. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే నిషేధించింది.

ఈ కింద చెప్పేవి మీ ఊళ్లో కనిపిస్తున్నాయేమో చూడండి. పత్తి చేనుకు మందు కొట్టిన రెండో రోజు పక్క గుంతలో కప్పపిల్లలు తేలుతున్నాయా? మందు డబ్బాలు కుంటలోనే కడుగుతున్నారా? వరి కోశాక కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారా? ఆ మంటలో ఒడ్ల మీది తొండలు, నలికండ్లపాములు, జెర్రిపోతులు తప్పించుకోలేవు. జెర్రిపోతు పోతే ఎలుక పెరుగుతుంది, ఎలుక వెంట నాగుపాము ఇంటి దాకా వస్తుంది. గట్టు లేని వ్యవసాయ బావుల్లో పడి ఎక్కలేక తిరిగే తాబేళ్లు, పాములు ఉన్నాయా? కోతులకని, పందులకని కట్టిన నైలాన్ వలల్లో పాము చిక్కుకుని ఎండిపోయిందా? రోడ్డు మీద ఒక వాన రాత్రి నలిగిన కప్పలెన్ని? నిర్మల్ నుంచి ఆదిలాబాద్ దాకా నాలుగు వరుసల రహదారి అడవి పక్కగానే పోతుంది. చక్రాల కింద పడ్డవాటిని లెక్కించినా అది సర్వేనే. చచ్చినదాన్ని లెక్కించడం బతికినదాన్ని వెతకడం కన్నా తేలిక, ప్రమాదం తక్కువ. వాహనాలు లేని పక్కన నిలబడి, పగటి వెలుతురులో చేయండి.

చెరువుల గురించి ఒక మాట చెప్పాలి, కోపగించుకోకండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత వల్ల మన చెరువులకు నీళ్లు నిలిచాయి, రైతుకు మేలు జరిగింది. కాదనేవాళ్లు లేరు. అయితే ఎండాకాలంలో కొన్ని జాతుల కప్పలు శిఖం మట్టిలోనే లోతుకు దిగి వానదాకా నిద్రపోతాయి. అదే ఎండాకాలంలో జేసీబీలు ఆ మట్టినే తవ్వి ట్రాక్టర్లకెత్తాయి. ఎన్ని కప్పలు ఆ మట్టితో పాటు చేలకు చేరాయో ఎవరు చూశారు? చెరువంతా ఒక్క ఏడాదే తవ్వకుండా ఒక మూల వదిలేసి ఉంటే సరిపోయేది. ఇకముందు తవ్వేటప్పుడైనా ఆ మూల వదలండి.

నదిలోనూ ఇదే కథ. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల మధ్య గోదావరిలో శివ్వారం అభయారణ్యం ఉంది. మొసళ్ల కోసం పెట్టిందే అది. మొసలి ఎండాకాలం మొదట్లో ఒడ్డున ఇసుకలో, మట్టిలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. 2019లో కాళేశ్వరం బ్యారేజీల్లో నీళ్లు నిలిపాక ఒడ్లు మునిగాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగాక నీళ్లు వదిలేశారు, ఒడ్లు మళ్లీ తేలాయి. ఇలా మునిగి తేలే నదిలో గుడ్లు పెట్టే చోటు ఎక్కడ మిగిలిందో ఏటా చూడాలి. రాత్రి టార్చి వేస్తే మొసలి కళ్లు ఎర్రగా మెరుస్తాయి. పడవ మీద వెళ్లి ఆ మెరుపులను లెక్కించే పద్ధతి అటవీ శాఖకు కొత్తేమీ కాదు. గోదావరిలో ఉండే ఒక మెత్తడొప్ప తాబేలు జాతి, లీత్స్ అని శాస్త్రవేత్తలు పిలిచేది, ప్రపంచం నుంచే కనుమరుగయ్యే అంచున ఉంది. మానేరులో, గోదావరిలో ఇసుక ఎత్తే లారీల డ్రైవర్లకు అది గుడ్లు పెట్టే చోట్లు మనకన్నా బాగా తెలిసి ఉండొచ్చు. వాళ్లను నేరస్తుల్లా కాకుండా సాక్షుల్లా అడిగి చూడండి.

ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. మంచిర్యాల జిల్లా ప్రాణహిత వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి ఎముకలకు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి జీవి. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది, పిల్లలు బారులు తీరి చూస్తారు. ఆ ఊరికి శాస్త్రలోకంలో శాశ్వతమైన చోటు దొరికింది. అదే మట్టిలో ఇవాళ తిరిగే ఉడుమును రాసుకునే పుస్తకం ఆ చుట్టుపక్కల ఎన్ని పంచాయతీల్లో ఉంది?

వెతికితే దొరుకుతాయనడానికి పక్కనే ఉదాహరణ ఉంది. పిట్టల గుడ్లు మాత్రమే తిని బతికే అరుదైన పాము ఒకటి దశాబ్దాల పాటు కనబడలేదు. 2003లో మహారాష్ట్రలోని వార్ధా ప్రాంతంలో మళ్లీ బయటపడింది. ఆ వార్ధా నదే వైన్‌గంగతో కలిసి మన ప్రాణహిత అవుతుంది. పాముకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు.

ఇక్కడే ఒక పెద్ద హెచ్చరిక, ముఖ్యంగా కుర్రాళ్లకు. లెక్క రాయడమంటే పట్టుకోవడం కాదు. 2024 సెప్టెంబరులో కామారెడ్డి జిల్లా దేశాయిపేటలో ఒక యువకుడు నాగుపామును నోట్లో పెట్టుకుని వీడియో తీయించుకున్నాడు. ఆ కాటుకే చనిపోయాడు. ఇరవై ఏళ్ల పిల్లాడు. పక్కనున్నవాళ్లు వద్దని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది. సర్వే పేరుతో కర్రతో కదిలించడం, తోక పట్టి ఎత్తడం, సీసాలో పెట్టి ఇంటికి తేవడం, ఇవేవీ వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మార్పులతో నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, ఉడుము అన్నీ పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. నేలలో బకెట్లు పాతి పట్టే సర్వేలు అటవీ శాఖ అనుమతి ఉన్న పరిశోధకుల పని. మనం చూస్తాం, వింటాం, రాస్తాం. అంతే. రాత్రి వెళ్తే ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లండి. గమ్ బూట్లు వేసుకోండి, మంచి టార్చి పట్టుకోండి, చెయ్యి పొదలో పెట్టకండి. పాము ఇంట్లో ఉంటే దాన్ని పట్టే అనుభవమున్న వాళ్లను పిలవండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఈ పని పద్ధతిగా చేస్తోంది. అలాంటి శిక్షణ మన జిల్లాల కుర్రాళ్లకూ ఇప్పించాలి.

రెండో హెచ్చరిక ఇంకా మెల్లగా చెప్పాల్సింది. రాసిన లెక్క దొంగ చేతికి పోకూడదు. రెండు తలల పాము ఇంట్లో ఉంటే కోట్లొస్తాయని, నక్షత్ర తాబేలు లక్ష్మి అని నమ్మించి కొనేవాళ్లు తిరుగుతున్నారు. రెండు తలల పాముకు రెండు తలలు లేవు, తోక మొద్దుగా ఉంటుంది, అంతే. ఆ కోట్లు ఎవరికీ రాలేదు, జైలు మాత్రం చాలామందికి వచ్చింది. కాబట్టి రెండు తలల పాము, నక్షత్ర తాబేలు, ఉడుము కనిపించిన చోటును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఫేస్‌బుక్‌లో లొకేషన్‌తో ఫొటో వేయకండి. అవి ఎక్కడున్నాయని అడుగుతూ కొత్త మనిషి ఊళ్లోకి వస్తే బీట్ ఆఫీసరుకు చెప్పండి. ఈ వివరం పంచాయతీ పుస్తకంలో, అటవీ శాఖ దగ్గర మాత్రమే ఉండాలి.

ఆ పుస్తకం కొత్తగా పుట్టించనక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. దాని దగ్గర ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. జాతీయ హరిత ట్రైబ్యునల్ గడువు పెట్టాక 2020 నాటికి చాలాచోట్ల ఈ రిజిస్టర్లు హడావిడిగా తయారయ్యాయి. మీ సర్పంచ్‌ను, మీ కార్యదర్శిని మర్యాదగా అడగండి. బీరువా తీయించి చూడండి. పాముల పేజీలో ఏముంది? నాగుపాము, జెర్రిపోతు అని రెండు పేర్లు రాసి వదిలేసి ఉంటే పూరించాల్సింది మనమే. గోండు, కొలాం, నాయకపోడ్, తోటి పెద్దలకు మనకు తెలియని పేర్లు, మనకు తెలియని చోట్లు తెలుసు. కెస్లాపూర్‌లో నాగోబాను కొలిచే మెస్రం వంశీయులు ఏటా జన్నారం మండలం కలమడుగు దాకా నడిచి హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెస్తారు. ఆ దారి పొడవునా మారిపోయిన అడవిని వాళ్లకన్నా బాగా చెప్పగలిగేవాళ్లు లేరు. వాళ్ల మాటను వాళ్ల పేర్లతోనే రిజిస్టర్‌లో రాయండి. శాతవాహన విశ్వవిద్యాలయం, మన డిగ్రీ కాలేజీల జువాలజీ శాఖలు ఒక్కొక్కటి పది ఊళ్ల చొప్పున దత్తత తీసుకుంటే ఫొటోలు చూసి జాతి పేరు నిర్ధారించే పని వాళ్లు చేస్తారు.

తొలి పెద్ద వాన పడ్డ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఒకే చెరువు మత్తడి దగ్గర నిలబడండి. ఫోన్‌లో కప్పల అరుపు ఐదు నిమిషాలు రికార్డు చేయండి. తేదీ, గంట, చెరువు పేరు, వాన ఎంత పడిందో రాయండి. నెలకు రెండుసార్లు అదే చోట, అదే గంటకు. వచ్చే ఏడూ అక్కడే. కప్ప కనబడకపోతే ఏమీ లేదని రాయండి, ఆ పేజీ వదిలేయకండి, లేదన్న మాటకే రేపు ఎక్కువ విలువ. ఊళ్లో పాముకాటు జరిగితే మంత్రం, కోత, కట్టు, పసరు జోలికి పోకండి. పాము కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాము కోసం వెతుకుతూ ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకండి. కరిచిన చోటు, గంట, మంచం మీదనా నేల మీదనా, పాము ఎలా ఉందన్నది మాత్రం తర్వాత రిజిస్టర్‌లో చేర్చండి.

హాస్టల్ వార్డెన్లకూ హెడ్మాస్టర్లకూ వేరే మనవి. బడులు తెరిచేలోపు ప్రహరీ చుట్టూ పొదలు కొట్టించండి, ఎలుక బొరియలు పూడ్పించండి, తలుపుల కింద సందులు మూయించండి. మంచాలు చాలకపోతే ఇప్పుడే అడగండి, పిల్లలను నేల మీద పడుకోబెట్టకండి. దోమతెరను పరుపు కిందికి దోపించండి, కట్లపాము లోపలికి రాదు. విరుగుడు మందు ఈ వారం నిజంగా నిల్వ ఉన్న ఆసుపత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కోండి. దాని నంబరు, 108, బీట్ ఆఫీసరు నంబరు రిజిస్టర్ మొదటి పేజీ మీద, వార్డెన్ గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించండి.